ఉమ్మడి తొట్టిలో పఫర్ చేపను కలపవద్దు



రక్తపోటు, మధుమేహం, కీళ్ళనొప్పుల గురించి రాసే ఈ వృద్ధ వైద్యుడు ఈసారి చేపల తొట్టి గురించి రాస్తున్నాడేమిటని మీకు సందేహం కలుగవచ్చు. ఇది చేపల విషయం మాత్రమే అయితే నేను కలం పట్టేవాడిని కాదు. కారణాన్ని చూడకుండా లక్షణానికి మందు వేసే మన దురలవాటు ఇందులో ఉంది. ఆ దురలవాటుకు లోనైనవారిలో నేనూ ఒకడిని. అందుకే ఈ వ్యాసం.

చెప్పదలచినది మొదటే చెబుతాను. పఫర్ అనే చేపను ఇతర జాతుల చేపలతో కలిపి ఒకే తొట్టిలో పెంచడం తప్పు. అంగడివారు దేనిని 'కమ్యూనిటీ ట్యాంకు' అంటారో, ఆ ఉమ్మడి తొట్టిలో దానికి చోటు లేదు. 'జాగ్రత్తగా చూసుకుంటే కుదురుతుంది' అనే సడలింపును కూడా నేను ఇవ్వదలచుకోలేదు. ఎందుకో వివరిస్తాను. ముందుగా నా తప్పు చెప్పుకుంటాను.

నేను చేసిన పొరపాటు

ప్రభుత్వ సేవ నుంచి విరమించాక ఆత్మకూరులో మా ఇంటి ముందు గదిలోనే సాయంత్రం వేళల్లో రోగులను చూస్తూ వచ్చాను. రోగులు కూర్చునే చోట మూడడుగుల గాజు తొట్టి ఒకటి పెట్టించాను. సుమారు 100 లీటర్ల నీరు పట్టేది. అది అలంకారం కోసమే పెట్టింది కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆరన్ కాచర్, ఆయన సహచరులు 1980లలో చేసిన పరిశీలనల గురించి చదివి ఉన్నాను. చేపల తొట్టిని చూస్తూ కూర్చున్నవారి రక్తపోటు కొంత తగ్గుతుందనీ, పంటి శస్త్రచికిత్సకు వచ్చినవారికి ఆందోళన తగ్గుతుందనీ వారు గమనించారు. నా అనుభవమూ అదే. నల్లమల అంచు గూడేల నుంచి వచ్చిన పిల్లలు సూది భయం మరచి, ఆ గాజుకు ముక్కు ఆనించి నిలబడేవారు.

తొట్టిలో గప్పీలు, మోలీలు, రెండు ఏంజెల్ చేపలు ఉండేవి. కొత్తగా తెచ్చిన నీటి మొక్కలతో పాటు చిన్న నత్తలు వచ్చి చేరాయి. రెండు నెలల్లో గాజు నిండా నత్తలే. పట్నంలో ఒక అంగడిలో అడిగితే, "పీ పఫర్లు మూడు వేయండి సార్, నత్తలన్నీ తినేస్తాయి. బఠానీ గింజంత చేప, ఎవరి జోలికీ పోదు" అన్నారు. నాకు ముచ్చట వేసింది. పసుపుపచ్చని ఒళ్ళు, దానిమీద నల్ల మచ్చలు, ఒకదానితో సంబంధం లేకుండా మరొకటి తిరిగే కళ్ళు. మరో ప్రశ్న వేయకుండా మూడు కొనుక్కుని వచ్చాను.

మొదటి వారం నత్తలు తగ్గాయి. నా తెలివికి నేనే సంతోషించాను. రెండవ వారంలో ఒక గప్పీ తోక కురచైంది. తరువాత మరొకటి. నేను చూడగానే నిర్ణయించాను, ఇది రెక్కలు కుళ్ళే బ్యాక్టీరియా వ్యాధి అని. టెట్రాసైక్లిన్ గొట్టాలు విప్పి నీళ్ళలో కలిపాను. అయిదు రోజులకు నీరు రంగు మారి నురగ కట్టింది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరవసాగాయి. ఇంకొక యాంటీబయాటిక్‌కు మార్చాను. ఏంజెల్ చేపల పొడవాటి రెక్కలు దారాలయ్యాయి. ఆరు వారాలలో పదకొండు చేపలు చనిపోయాయి. పఫర్లు మాత్రం దిట్టంగా ఉన్నాయి. ఇవి గట్టి జాతి, వీటికి రోగనిరోధక శక్తి ఎక్కువ అని ఇంట్లో వ్యాఖ్యానం కూడా చేశాను.

ఒక ఉదయం గది ఊడ్చే ఆయమ్మ చీపురు పక్కన పెట్టి అన్నది: "జబ్బు గిబ్బు ఏం లేదు సార్. ఆ బుడ్డది కొరికి తింటాంది. వెనకనుంచి వచ్చి తోక కొరుక్కోని పోతాది. నేను రోజూ సూస్తానే ఉండా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?" అన్నాను.

"మీరు డాక్టరు గదా సార్, మీకు తెలీదా అనుకుంటి" అన్నది.

అక్షరజ్ఞానం లేని ఆమె చేసిన పని నిలబడి చూడటం. నేను చేయనిది అదే. గాయాన్ని అంటువ్యాధి అనుకున్నాను. గాయం చేసేవాడిని ఆరోగ్యవంతుడని మెచ్చుకున్నాను. రోగిని పరీక్షించకుండా మందు చీటీ రాసే వైద్యుడిని ఎన్నోసార్లు విమర్శించిన నేను, నా గదిలోనే ఆ పని చేశాను.

పఫర్ అంటే ఏమిటి?

ఈ చేపను అర్థం చేసుకోవాలంటే దాని నోరు చూడాలి. పఫర్ల కుటుంబానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు టెట్రాడాంటిడే, అంటే 'నాలుగు పళ్ళవి' అని. పై దవడలో రెండు, కింది దవడలో రెండు, పళ్ళు కలిసిపోయి చిలుక ముక్కు వంటి పలకలుగా ఏర్పడతాయి. ఆ పలకలు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. నత్త గుల్లలు, పీత పెంకులు కొరికితేనే అవి అరుగుతాయి. మెత్తని ఆహారమే పెడితే ముక్కు పెరిగి నోరు మూసుకుపోయి, చేప ఆకలితో చస్తుంది. కనుక కొరకడం ఆ చేపకు చెడ్డ అలవాటు కాదు. అది దాని శరీర ధర్మం.

రెండవది, దానికి పొలుసులు లేవు. పొట్ట కింది రెక్కల జత లేదు. వేగంగా ఈదలేదు. అపాయం వస్తే నీటిని గబగబా మింగి బంతిలా ఉబ్బుతుంది. వేగం లేని ఈ జీవి బతుకుతెరువు నిదానంగా సమీపించి, ఒక్క గాటు వేసి, వెనక్కి తగ్గడం. ఇంత నిదానంగా వేటాడే చేప ముందు పొడవాటి తోకలు ఊపుకుంటూ తిరిగే గప్పీలను పెడితే ఏమవుతుంది? ఇంతకంటే వివరించనవసరం లేదు.

మన అంగళ్ళలో అమ్మే పీ పఫర్ విదేశీ చేప అనుకునేవారు చాలామంది. అది మన పొరుగు రాష్ట్రపు బిడ్డ. కేరళలో, దక్షిణ కర్ణాటకలో పడమటి కనుమల నుంచి పారే నదులలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు. 1941లో సుందర్‌లాల్ హోరా, నాయర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తిరువాంకూరు సంస్థానంలోని పంబా నది నుంచి దొరికిన చేపలను పరిశీలించి దీనిని కొత్త జాతిగా వర్ణించారు. శబరిమలకు వెళ్ళి పంబలో స్నానం చేసి వచ్చిన స్వాములు మన ఊళ్ళో ఎందరో ఉన్నారు. ఆ నది చేపే ఇది. పూర్తిగా ఎదిగినా మూడున్నర సెంటీమీటర్లు దాటదు. ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం దీనిని ముప్పు ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. నివాసం చెడిపోవడంతో పాటు అక్వేరియం వ్యాపారం కోసం నదుల నుంచి పట్టుకుపోవడం కూడా దానికి ఒక కారణం. అంటే నా తొట్టిలో నత్తలు ఏరే కూలీగా నేను కొన్నది, తరిగిపోతున్న ఒక జాతికి చెందిన ప్రాణిని.

ఇంకొక రకం ఉంది, ఆకుపచ్చని ఒంటిమీద నల్లని చుక్కలది. గ్రీన్ స్పాటెడ్ పఫర్ అంటారు. ఇది ఆగ్నేయాసియా నదీముఖాల చేప. పదిహేను సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అంగట్లో రెండు సెంటీమీటర్ల పిల్లగా, మంచినీటి చేపగా అమ్ముతారు. పెరిగేకొద్దీ దానికి కొంత ఉప్పు కలిసిన నీరు కావాలి. ఉప్పు కలిపితే తొట్టిలోని తక్కిన మంచినీటి చేపలకు, మొక్కలకు కష్టం. కలపకపోతే పఫర్ నెలల తరబడి నీరసించి పోతుంది. ఏది చేసినా ఒకరికి హింస తప్పని కాపురం అది.

నాతో వాదించేవారికి జవాబులు

ఈ మాటలు చెప్పినప్పుడల్లా కొన్ని ఎదురువాదాలు వినిపిస్తుంటాయి. ఒక్కొక్కటిగా తీసుకుందాం.

మొదటిది: "మా తొట్టిలో మూడు నెలలుగా కలిసే ఉన్నాయి, ఏమీ కాలేదు." అయ్యా, పొగ తాగే నా రోగులు కూడా ఇదే మాట అనేవారు. మా తాత తొంభై ఏళ్ళు బతికాడు, రోజుకు కట్ట బీడీలు కాల్చేవాడు అని. మూడు నెలలు ఏమీ కాలేదంటే ప్రమాదం లేదని అర్థం కాదు. పఫర్ పిల్ల ఎదిగి తన చోటు తనదని గుర్తించే వయసు ఇంకా రాలేదేమో. మీరు దీపం ఆర్పి పడుకున్నాక, తెల్లవారుజామున ఏం జరుగుతోందో మీరు చూడలేదేమో. చేప అరవదు. తోక చివర అర్ధచంద్రాకారంలో ఒక ముక్క పోతే మనం గమనించను కూడా గమనించం.

రెండవది: "కడుపు నిండా పెడితే కొరకవు." ఇది మనిషి ఆలోచనను చేపకు అంటగట్టడం. ఆకలి ఒక్కటే గాటుకు కారణం కాదు. చోటు కోసం కొరుకుతుంది. కదిలే రెక్క ఆహారంలా కనిపించినా కొరుకుతుంది. పైగా ఉమ్మడి తొట్టిలో దాని కడుపు నిండదు. గప్పీలూ మోలీలూ పైన వేసిన మేతను క్షణంలో ఊడ్చేస్తాయి. నిదానంగా వెతుక్కునే పఫర్‌కు మిగలదు. పొడి మేతను అది ముట్టదు కూడా. కాబట్టి ఈ ఏర్పాటులో తక్కిన చేపలే కాక పఫర్ కూడా బాధితురాలే.

మూడవది: "నత్తలను పోగొట్టడానికి వేరే మార్గం లేదు." ఉంది. నత్తలు పెరగడానికి కారణం మనం వేసే అదనపు మేత. రెండు నిమిషాలలో చేపలు తినగలిగినంతే వేయండి. రాత్రి ఒక కీరదోస ముక్కను బరువు కట్టి తొట్టిలో దించండి. తెల్లవారి దానికి పట్టిన నత్తలతో సహా తీసి పారవేయండి. వారం రోజులు ఇలా చేస్తే చాలావరకు తగ్గుతాయి. ఖర్చు అయిదు రూపాయలు కాదు. నత్తలకు పఫర్‌ను తేవడమంటే ఎలుకల బెడదకు ఇంట్లో చిరుతపిల్లను పెంచడమే.

నాలుగవది, నన్ను ఎక్కువ బాధించేది: "చేపలే కదా సార్! కూర వండుకుని తినేవాళ్ళం, వాటి తోకల గురించి ఇంత చర్చ ఎందుకు?" తినడానికి చంపడం వేరు, చూసి ఆనందించడానికి తెచ్చి దినదినమూ కొరికించడం వేరు. ఈ రెండవ దానిలో మన అవసరం ఏదీ లేదు. ఆ గాజు ముందు నిలబడేది పిల్లలు. ఒక ప్రాణి మరొకదానిని తింటుంటే, పెద్దలు 'ఏదో రోగం' అని మందు చల్లి పక్కకు పోవడం వాళ్ళు చూస్తున్నారు. అది వాళ్ళకు మనం చెప్పే పాఠం.

ఇక నా వృత్తికి సంబంధించిన మాట

గాటుకూ కుళ్ళుకూ తేడా ఏమిటో ఇప్పుడు చెప్పగలను. కొరికిన రెక్క అంచు నున్నగా, వంపుగా, ముక్క కోసినట్టు ఉంటుంది. రాత్రికి రాత్రే కనబడుతుంది. వ్యాధితో కుళ్ళే రెక్క అంచు చిరుగులు పడి, తెల్లగా లేదా ఎర్రగా మారి, రోజురోజుకూ కొద్దికొద్దిగా తరుగుతుంది. కొరికిన చోట తరువాత వ్యాధి కూడా సోకవచ్చు. అప్పుడైనా మొదటి చికిత్స కొరికేదానిని వేరు చేయడం, నీటిని శుభ్రం చేయడం. మందు ఆ తరువాతి మాట.

నేను కలిపిన టెట్రాసైక్లిన్ ఏం చేసిందో ఆలోచించండి. పాలతో ఈ మందు వేసుకోవద్దని రోగులకు నేనే చెప్పేవాడిని, ఎందుకంటే కాల్షియం దానిని పట్టి పనిచేయనీయదు. మా ప్రాంతపు బోరునీరు కాల్షియం, మెగ్నీషియం లవణాలతో నిండిన గట్టి నీరు. గిన్నె అడుగున తెల్లని పొర కట్టే నీరు. అందులో ఆ మందు చాలావరకు నిర్వీర్యం. మిగిలిన కొంచెం చేసిన పని అంతకంటే చెడ్డది. చేపలు విడిచే అమ్మోనియా విషాన్ని మార్చి హాని తగ్గించే మేలు బ్యాక్టీరియా తొట్టి ఇసుకలో, వడపోత స్పాంజిలో నివసిస్తుంది. నా మందు దానినీ దెబ్బతీసింది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచింది అందుకే. పదకొండింటిలో ఎన్నింటిని పఫర్లు చంపాయో, ఎన్నింటిని నేను చంపానో ఇప్పుడు లెక్క తేల్చలేను.

మందు నీటిని ఆ తరువాత ఎక్కడ పోశాను? వీధి కాలువలో. మందుకు లొంగకుండా బతికిన సూక్ష్మజీవులను అలా ఊరి మీదికి వదిలాను. యాంటీబయాటిక్‌లకు లొంగని వ్యాధులు నేడు మన ఆసుపత్రులలో ఎంత సమస్యో మీకు తెలుసు. టెట్రాసైక్లిన్ వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడని మందు. అయినా 'చేపలకు సార్' అంటే అడిగేవారు లేరు. కోస్తాలో రొయ్యల చెరువులవారు యాంటీబయాటిక్‌లు వాడితే, అవశేషాలు ఉన్నాయని విదేశాలు సరుకును తిప్పి పంపుతాయి. మన ఇంటి తొట్టికి అలా తిప్పి పంపేవారు లేరు. అక్కడ కాపలా కాయవలసింది మన వివేకమే.

పఫర్ పెంచేవారికి వైద్యునిగా మరి మూడు హెచ్చరికలు.

ఒకటి, దానికి మేతగా దోమ లార్వాలు మంచివని విని, పెరట్లో తొట్లలో నీళ్ళు నిలవబెట్టి లార్వాలు పెంచేవారున్నారు. ఇది చేపకు మేత, వీధికి డెంగీ. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మా ఎండలకు ఎనిమిది, పది రోజులు చాలు. ఒక్క రోజు మీరు మరిచిపోతే ఫలితం పొరుగువారి పిల్లలు అనుభవిస్తారు. ఈ పని దయచేసి మానండి.

రెండు, తొట్టి నీటిలో మైకోబ్యాక్టీరియం మరీనం అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. క్షయ కారక క్రిమికి బంధువు. చేతిమీద గాయం ఉండగా తొట్టిలో చెయ్యి పెడితే, కొన్ని వారాల తరువాత అక్కడ నొప్పి లేని ఎర్రని గడ్డ లేస్తుంది. సాధారణ మందులకు తగ్గదు. నెలల తరబడి చికిత్స అవసరం. కొరుకుళ్ళతో బలహీనపడి చనిపోయే చేపలున్న తొట్టిలో చేతులు పెట్టే పని ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. చేతికి గాయం ఉంటే తొడుగు వేసుకోండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి. తగ్గని గడ్డతో వైద్యుని వద్దకు వెళితే, 'మా ఇంట్లో చేపల తొట్టి ఉంది' అని మీరే చెప్పండి. ఆ ఒక్క మాట రోగనిర్ధారణను నెలల ముందుకు తెస్తుంది.

మూడు, విషం. సముద్రపు పఫర్ల కాలేయంలో, అండాశయాల్లో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. కొన్ని మంచినీటి పఫర్లలో సాక్సిటాక్సిన్ ఉంటుంది. రెండూ నరాలలోని సోడియం ద్వారాలను మూసివేస్తాయి. పెదవులు, నాలుక తిమ్మిరెక్కుతాయి. వాంతులు, నీరసం, చివరకు శ్వాస కండరాలు పడిపోతాయి. తెలివి మాత్రం చాలాసేపు నిలిచే ఉంటుంది. వండినా ఈ విషం పోదు. విరుగుడు మందు లేదు. కృత్రిమ శ్వాసతో నిలబెట్టడమే చికిత్స. తొట్టిలోని నీరు తాకితే ఏమీ కాదు, అనవసరంగా భయపడవద్దు. కానీ చచ్చిన పఫర్‌ను పిల్లికి వేయవద్దు, పిల్లల చేతికి అందనీయవద్దు. పాతిపెట్టండి.

చెరువులో వదలడం పరిష్కారం కాదు

కొరుకుతోందని తెలిశాక చాలామంది చేసే పని, సంచిలో వేసుకుపోయి దగ్గరి చెరువులో వదలడం. పుణ్యం చేశామని కూడా అనుకుంటారు. మా ఆత్మకూరు చుట్టూ భవనాశి ఉంది, సిద్ధాపురం చెరువు ఉంది, శ్రీశైలం వెనుక జలాలు ఉన్నాయి, పక్కనే వెలుగోడు జలాశయం ఉంది. వెలుగోడు నీరు తెలుగుగంగ కాలువలో పడి కడప, నెల్లూరు జిల్లాల మీదుగా చెన్నై దాకా పోతుంది. ఇక్కడ మనం వదిలినది ఎక్కడ తేలుతుందో మన చేతిలో లేదు.

ఈ విషయంలో కూడా నాకు నీతులు చెప్పే అర్హత తక్కువే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పనిచేసిన రోజుల్లో దోమల నివారణకు బావులలో, కుంటలలో గంబూసియా చేపలను వదిలించినవారిలో నేనొకడిని. ఉత్తర అమెరికా జాతి అది. 1928లో మన దేశానికి తెచ్చారు. లార్వాలను తింటుంది, నిజమే. కానీ అదీ తోకలు కొరికే చేపే. స్థానిక చేపల పిల్లలను, గుడ్లను కూడా తింటుంది. నేడు ప్రపంచంలోని 100 అతి హానికర చొరబాటు జీవుల జాబితాలో దాని పేరు ఉంది. ఆనాడు మలేరియా మా కళ్ళకు కనబడింది, కుంటలో ఉన్న మన చేప కనబడలేదు. అక్వేరియంల నుంచి బయటపడిన సక్కర్ చేప నేడు మన రాష్ట్రపు చెరువులలో వలలు చింపుతూ మత్స్యకారులను ఏడిపిస్తున్నది. తొట్టిలో మొదలైన అజాగ్రత్త తొట్టిలో ముగియదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మరి ఏం చేయాలి?

మీ ఉమ్మడి తొట్టిలో ఇప్పటికే పఫర్ ఉంటే ఈ రోజే వేరు చేయండి. తాత్కాలికంగా శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బా అయినా చాలు, పాత తొట్టి నీటినే నింపి, వడపోత స్పాంజిలో ఒక ముక్క అందులో వేయండి. కొన్న అంగడికి తిరిగి ఇవ్వండి, లేదా దానికే ప్రత్యేకంగా తొట్టి పెట్టేవారికి ఇవ్వండి. గాయపడిన చేపలకు మూడు, నాలుగు రోజులకొకసారి పావు వంతు నీరు మార్చండి. క్లోరిన్ పోయేలా నీటిని ముందురోజే పట్టి ఉంచండి. రెక్కలు చాలావరకు మళ్ళీ పెరుగుతాయి. మందు అవసరం ఉండదు.

పఫర్‌నే పెంచాలనే కోరిక మీకు ఉంటే నేను కాదనను. అది నిజంగా తెలివైన చేప, మనిషిని చూసి గాజు దగ్గరికి వస్తుంది. కానీ దాని ఇల్లు దానికి ఇవ్వండి. ఒక్క పీ పఫర్‌కు కనీసం 20 లీటర్ల తొట్టి, గుంపుగా అయితే 80 లీటర్లకు తగ్గకుండా, ఒకదాని కంట ఒకటి పడకుండా దట్టంగా మొక్కలు ఉండాలి. మేతకు నత్తలు, గడ్డకట్టించిన పురుగులు కావాలి. నత్తలను పెంచడానికి వేరొక గిన్నె కావాలి. నదిలో పట్టినది కాక, తొట్టిలో పుట్టిన పిల్లను ఇవ్వమని అంగడిలో అడగండి. అడిగేవారు పెరిగితేనే పెంచేవారు పెరుగుతారు. ఇంత ఓపిక లేదనుకుంటే కొనవద్దు. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

అంగడివారికి ఒక మాట. మీరు అమ్మేది ప్రాణం. 'ఇది కొరుకుతుంది, విడిగా ఉంచాలి' అని ఒక్క ముక్క చెబితే ఒక బేరం పోవచ్చు. చెప్పకపోతే కొన్నవాడి తొట్టి మొత్తం పోతుంది, వాడు మళ్ళీ మీ మెట్టు ఎక్కడు. మందుల దుకాణం వారికీ అదే మనవి. చేపలకైనా చీటీ అడగండి.

మా గదిలో ఇప్పుడు ఆ పెద్ద తొట్టిలో గప్పీలు, మోలీలు మాత్రమే ఉన్నాయి. మూడు పఫర్లలో రెండింటిని ప్రత్యేక తొట్టి ఉన్న ఒక మిత్రునికి ఇచ్చాను. ఒకటి నా బల్ల పక్కన చిన్న తొట్టిలో చివరిదాకా ఒంటరిగా, సుఖంగా బతికింది. 'అది ఒక్కతే ఎందుకుంది తాతా' అని అడిగిన పిల్లలకు, 'దానికి అదే బాగుంటుంది నాయనా' అని చెప్పేవాడిని. పెద్ద తొట్టికి మేత వేసే బాధ్యత ఇప్పుడు మా ఆయమ్మది. ఏ చేపకైనా ఏదైనా తేడా కనబడితే, మందు సంగతి తరువాత, ముందు ఆమెను అడుగుతాను: "నువ్వేం చూశావమ్మా?"

మీరూ మీ ఇంట్లో అడగండి. చేపకైనా, మనిషికైనా, మందు వేసే ముందు చూసినవారిని అడగండి.

సర్వే జనాః సుఖినో భవంతు.